పాత సిస్టమ్‌లో హార్డ్ డిస్కులు కనిపించకపోతే: బాగు చేయించాలా, ఎస్‌ఎస్‌డీ వేయాలా, వేరే సిస్టమ్ కొనాలా?

2024 ఆషాఢం చివరి వారం. శ్రావణంలో ముహూర్తాలు పెట్టుకున్న వాళ్లంతా కార్డుల కోసం తిరిగే రోజులు. ఉదయాన్నే షాపు తెరిచి సిస్టమ్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయాయి: ‘డిస్క్ బూట్ ఫెయిల్యూర్, ఇన్సర్ట్ సిస్టమ్ డిస్క్ అండ్ ప్రెస్ ఎంటర్’. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు సిస్టమ్ భాగాలను గుర్తించే సెట్టింగుల తెరలోకి, వెళ్లి చూశాను. విండోస్ ఉన్న 160 జీబీ డిస్కు లేదు. ఫైళ్లు దాచుకునే 500 జీబీ డిస్కూ లేదు. రెండు చోట్లా ‘నన్’ అని, అంటే ఏమీ లేదని ఉంది. గుండె జారిపోయింది.

కందుకూరులో మాది డీటీపీ షాపు. ఈ సిస్టమ్ 2009లో కొన్నది. డ్యూయల్ కోర్ ప్రాసెసర్, జీ31 మదర్‌బోర్డు, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ, దాని మీద కార్డులు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకు అను ఫాంట్లు. బయటి వాళ్లకు అది పాత ఇనుప సామాను. నాకు మాత్రం పదిహేనేళ్ల పెళ్లి కార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మ పత్రికలు, బడుల కరపత్రాలు, తిరునాళ్ల పోస్టర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అక్క పెళ్లికి మా దగ్గర కార్డు వేయించుకున్న ఇంటివాళ్లే పదేళ్ల తర్వాత తమ్ముడి పెళ్లికి వస్తారు. "అదే మేటరు అన్నా, పేర్లు మార్చు చాలు" అంటారు. 2022 ఏప్రిల్‌లో మా ఊరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మారినప్పుడు, పాత ఫైళ్లలో జిల్లా పేరు ఒక్కటి మార్చుకుని ఎన్నో కార్డులు చేశాను. ఆ ఫైళ్లు లేకపోతే ప్రతి కార్డూ మొదటి నుంచి కొట్టాలి.

ఆ రోజు ముగ్గురు మూడు మాటలు చెప్పారు. మెకానిక్ వచ్చి రెండు నిమిషాలు చూసి, "రెండు డిస్కులూ పోయాయన్నా, కొత్తది వేసి ఓఎస్ (విండోస్) లోడ్ చేస్తా" అన్నాడు. ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడికి ఫోన్ చేస్తే, "ఎస్‌ఎస్‌డీ వేయించు మామా, దెబ్బకి స్పీడు కూడా వస్తుంది" అన్నాడు. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో ఫైళ్లు దాచే డిస్కు. సాయంత్రం మా బావ వచ్చి, "ఇంకా దాన్నే పట్టుకుని వేళ్లాడతావెందుకు బావా, సెకండ్‌హ్యాండ్‌లో మంచి సిస్టమ్ తెచ్చుకో" అన్నాడు.

బాగు చేయించడం, ఎస్‌ఎస్‌డీ వేయడం, వేరేది కొనడం, ఈ మూడింటినీ ఏడాది పాటు ఏదో ఒక మిషన్ మీద నేనే చేసి చూశాక చెబుతున్నాను: మూడూ సరైన దారులే, కానీ ఒక్కొక్కటి ఒక్కో పరిస్థితికి. అసలు పోయింది ఏమిటో తెలియకుండా వీటిలో దేన్ని ఎంచుకున్నా డబ్బు దండగ, ఒక్కోసారి ఫైళ్లు కూడా గోవిందా. కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం. ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే.

ముందు: పోయింది డిస్కా, దాని దారా?

మెకానిక్ మాట మీద నాకు అనుమానం వచ్చింది ఒక్క ప్రశ్నతో. "అట్టా ఎట్టా పోతాయి రెండూ ఒకే రాత్రి?" వేర్వేరు సంవత్సరాల్లో కొన్న రెండు డిస్కులు ఒకే రోజు చావడం చాలా అరుదు. రెండూ కలిసి మాయమయ్యాయంటే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పాడైంది. ఉమ్మడిగా ఉండేవి మూడే: కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, బయోస్ సెట్టింగులు, డిస్కుల కేబుళ్లు తగిలే పోర్టులను నడిపే, బోర్డు మీది సాటా కంట్రోలర్. ఒక్క డిస్కే కనిపించకపోతే మాత్రం దాని కేబుల్, దాని పోర్టు, చివరగా ఆ డిస్కు. వెతికే వరస ఇదే.

అన్నిటికంటే చవకైనది బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ. సీఆర్2032, 3 వోల్టులు, యాభై రూపాయల లోపే దొరికింది. స్విచ్ ఆపేసినప్పుడు గడియారాన్నీ బయోస్ సెట్టింగులనూ నిలబెట్టేది అదే. నా సిస్టమ్‌లో తేదీ 2008 జనవరి 1 చూపిస్తోంది. అంటే బ్యాటరీ అయిపోయి, సెట్టింగులన్నీ కంపెనీ ఇచ్చినప్పటి స్థితికి వెళ్లాయి. కొన్ని బోర్డుల్లో దీని వల్లే సాటా పోర్టులు డిజేబుల్ అవుతాయి. మరికొన్నింటిలో ఐడీఈ మోడ్ కాస్తా ఏహెచ్‌సీఐకి మారుతుంది (బోర్డు డిస్కుతో మాట్లాడే పాత, కొత్త పద్ధతులివి). అలా మారితే డిస్కు బయోస్‌లో కనిపిస్తుంది కానీ ఎక్స్‌పీ లోడ్ అవుతూ నీలి తెర వేసి 0x0000007B అని చూపించి ఆగిపోతుంది. అది డిస్కు చెడిపోయిన గుర్తు కాదు. మోడ్‌ను తిరిగి ఐడీఈకి మారిస్తే చాలు. ఆ నీలి తెర చూసి ఫార్మాట్ కొట్టించుకున్న వాళ్లు నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను బ్యాటరీ మార్చాను. తేదీ నిలబడింది, డిస్కులు మాత్రం రాలేదు.

తర్వాత చెవి పెట్టి విన్నాను. ఇది ఎవరైనా చేయొచ్చు. సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, డేటా కేబుల్ ఊడదీసి, పవర్ కేబుల్ మాత్రం ఉంచి, మళ్లీ ఆన్ చేసి డిస్కు అంచు మీద వేలు ఆనించాలి. మంచి డిస్కు సన్నగా అదురుతూ ఒకే వేగంతో తిరుగుతుంది. నా డిస్కులు రెండూ తిరగడం మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలుపెడుతున్నాయి. ఒక్కదాన్నే తగిలిస్తే కాస్త మెరుగ్గా తిరిగింది. రెండూ తగిలిస్తే ఆయాసం. కరెంటు చాలడం లేదని దానర్థం.

3.5 అంగుళాల డిస్కులో మోటారుకు 12 వోల్టులు, దాని సర్క్యూట్‌కు 5 వోల్టులు కావాలి. ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల ప్లగ్గులో పసుపు వైరు 12, ఎరుపు వైరు 5, నలుపు వైర్లు గ్రౌండ్. మల్టీమీటర్ నల్ల పుల్ల నలుపులో, ఎర్ర పుల్ల పసుపులో పెట్టి చూస్తే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎరుపులో 4.75 నుంచి 5.25. నాకు పసుపు వైరులో ఆన్ చేసిన క్షణాన 10.8 చూపించింది. వెనక జాలీ సందులోంచి టార్చి వేసి చూస్తే లోపల కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. మల్టీమీటర్ లేకపోతే తెలిసిన వాళ్ల సిస్టమ్‌లోని ఎస్‌ఎంపీఎస్‌ను ఒక గంట తెచ్చి పెట్టి చూడండి, అదీ పరీక్షే. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్ మార్చగానే 500 జీబీ డిస్కు ప్రత్యక్షమైంది. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఇప్పటికీ మరిచిపోలేదు. 160 జీబీది మాత్రం ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. కొత్త సాటా కేబుల్ వేసి వేరే పోర్టుకు తగిలిస్తే అదీ నిలబడింది. పాత కేబుల్ చివర క్లిప్పు లేనిది, పదిహేనేళ్లలో వదులైపోయింది.

ఇక్కడితో అయిపోయిందనుకోవద్దు. డిస్కు కనిపించగానే దాని ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూపించే అంకెల్లో మూడు ముఖ్యం. సీ7 అనే వరస కేబుల్‌లో వచ్చిన తప్పుల లెక్క. అది ఎక్కువగా ఉన్నా, కేబుల్ మార్చాక పెరగకుండా ఆగిపోతే డిస్కుకు ఢోకా లేదు. 05, సీ5 అనేవి డిస్కు లోపలి చెడిపోయిన, చెడిపోతున్న సెక్టార్ల (ఫైళ్లు దాచే చిన్న గడుల) లెక్క. ఇవి సున్నా దాటి పెరుగుతుంటే ఆ డిస్కుకు రోజులు దగ్గరపడ్డాయి. నా 160 జీబీ డిస్కులో సీ7 వందల్లో ఉంది, అది కేబుల్ పుణ్యం. కానీ సీ5 కూడా 12 ఉంది. వారం తర్వాత 16 అయింది.

ఇంకా పాత సిస్టమ్‌లు వాడేవాళ్లకు రెండు మాటలు. వెడల్పాటి ఐడీఈ కేబుల్ మీద రెండు డిస్కులు ఉంటే జంపర్లు (డిస్కు వెనక పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పులు) ఒకటి మాస్టర్, ఇంకోటి స్లేవ్ ఉండాలి. రెండూ మాస్టర్ అయితే రెండూ కనిపించకపోవచ్చు. అలాగే వీఐఏ వీటీ8237 చిప్ ఉన్న 2004, 2005 నాటి బోర్డుల్లో కొత్త సాటా డిస్కు పెడితే అసలు గుర్తించదు. డిస్కు వెనక జంపర్ పెట్టి వేగాన్ని 1.5 గిగాబిట్లకు తగ్గిస్తే, ఆ జంపర్ సదుపాయం ఉన్న డిస్కులైతే, కనిపిస్తాయి. డిస్కు మంచిదైనా బయోస్‌కు కనిపించని మరో సంగతి సీగేట్ బరకుడా 7200.11 డిస్కులది. ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) లోపం వల్ల వాటిలో కొన్ని ఉన్నట్టుండి మాయమవుతున్నాయని ఆ కంపెనీయే 2009 జనవరిలో ఒప్పుకుని సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది. ఆ కాలపు డిస్కు మీ దగ్గరుంటే పైన లేబుల్ ఒకసారి చదవండి.

టక్ టక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ఇవేవీ చేయొద్దు. చాలాసార్లు అది లోపలి హెడ్, అంటే డిస్కును చదివే భాగం, దెబ్బతిన్న గుర్తు. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందని చెప్పేవాళ్లు ఉంటారు, వినొద్దు. చల్లారిన డిస్కును మన సముద్రపు గాలిలోకి తీస్తే లోపల తేమ పడుతుంది. ఫైళ్లు విలువైనవైతే అలాగే గుడ్డలో చుట్టి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌కు చేర్చాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది కాబట్టి ముందు ఎస్టిమేట్ అడగాలి.

ఇప్పుడు మూడు దారులు

ఏ దారి ఎంచుకున్నా దానికి ముందు కాపీ తీసుకోవాలి. డిస్కు ఒక్కసారి కనిపించినా చాలు, మిగతా రిపేరంతా పక్కన పెట్టి ఫైళ్లు బయటికి తీసుకోవాలి. విండోస్ లోడ్ కాకపోతే పెన్‌డ్రైవ్ మీద ఉచిత ఓఎస్ అయిన లైనక్స్ మింట్ వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేసి ఫైళ్లు తీయొచ్చు. నేను అలాగే తీశాను. సిస్టమే పనిచేయకపోతే డిస్కును బయటి నుంచి తగిలించే యూఎస్‌బీ డాక్ కొని వేరే కంప్యూటర్‌కు తగిలించవచ్చు. డాక్‌కు సొంత 12 వోల్టుల అడాప్టర్ ఉందో లేదో చూసి కొనండి. ల్యాప్‌టాప్ డిస్కులకు ఇచ్చే సన్న కేబుల్‌తో పెద్ద డిస్కు తిరగదు. అది చూసి డిస్కు పోయిందనుకునేవాళ్లు చాలామంది.

ఉన్నదాన్నే బాగు చేసుకోవడం మొదటి దారి. బ్యాటరీ, కేబుల్, ఎస్‌ఎంపీఎస్ మూడూ కలిపి నాకు వెయ్యి రూపాయల లోపే అయింది. ఫాంట్లు, డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవిలా తగిలించే చిన్న పరికరం), పాత స్కానర్, లేఅవుట్‌లు ఏవీ కదలవు. మర్నాడు ఉదయానికే పనిలో పడొచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ ఒక్క రోజు విలువ ఎంతో మా వృత్తి వాళ్లకు తెలుసు. లోటేమిటంటే పాత డిస్కు పాతదే. సీ5 పెరుగుతున్న డిస్కుతో కేబుల్ మార్చి ఊరుకుంటే వచ్చే ఆషాఢంలో మళ్లీ ఇదే టెన్షన్. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు డబ్బా మీద రాసిన వాట్లు చూసి మోసపోవద్దు. చేతిలో పట్టుకుంటే బరువుండాలి, వారంటీ బిల్లు ఇవ్వాలి. బోర్డు మీది సాటా కంట్రోలరే పోతే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. పీసీఐ సాటా కార్డు వేయొచ్చు కానీ ఆ పాత పీసీఐ దారిలో మొత్తం వేగం సెకనుకు 133 మెగాబైట్లు దాటదు. ఎక్స్‌పీ కొత్తగా వేయాలంటే ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇవ్వాలి. ఫ్లాపీ కోసం ఊరంతా తిరిగే బదులు ఇంకో బోర్డు చూసుకోవడం నయం.

రెండో దారి, మేనల్లుడు చెప్పినది. పాత సిస్టమ్‌లోనే ఎస్‌ఎస్‌డీ. 256 జీబీది అప్పట్లో నాకు రెండు వేల లోపే వచ్చింది. జీ31 బోర్డులోని సాటా పోర్టు వేగం 3 గిగాబిట్లే. కొత్త ఎస్‌ఎస్‌డీ దాని పూర్తి వేగంతో నడవదు, సగమే అందుతుంది. అయినా పాత డిస్కుతో పోలిస్తే ఆ సగం కూడా చాలా ఎక్కువ. పేజ్‌మేకర్ తెరిచేసరికి టీ తాగి రావచ్చనుకునే మిషన్, ఇప్పుడు నేను కుర్చీ సర్దుకునేలోగా తెరుస్తుంది. ఇంకో లాభం ఎవరూ చెప్పరు. దీనికి మోటారు లేదు, 12 వోల్టులతో పని లేదు, 5 వోల్టులు చాలు. అలసిపోయిన ఎస్‌ఎంపీఎస్ మీద భారం తగ్గుతుంది.

ఎక్స్‌పీతో మాత్రం జాగ్రత్తలున్నాయి. ఎక్స్‌పీకి ట్రిమ్ తెలియదు, అంటే చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెప్పలేదు. అందుకని నాలుగో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. ఎక్స్‌పీ పార్టిషన్‌ను (డిస్కులో విడదీసిన భాగాన్ని) 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, ఎస్‌ఎస్‌డీకి 2048 దగ్గర మొదలైతే మంచిది. క్లోన్ చేసే (డిస్కును ఉన్నది ఉన్నట్టు కాపీ చేసే) సాఫ్ట్‌వేర్‌లో అలైన్‌మెంట్ అనే ఆప్షన్ పెట్టుకుంటే అదే సర్దుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇది క్లోన్ కావాలి, కొత్తగా ఓఎస్ లోడ్ చేయడం కాదు. మెకానిక్‌కు ఓఎస్ లోడ్ చేయడం సులువు, నాకు మాత్రం ఫాంట్లూ సెట్టింగులూ పోయిన ఎక్స్‌పీ ఎందుకూ పనికిరాదు. పైగా బోర్డు పోతే ఎస్‌ఎస్‌డీ ఏమీ చేయలేదు. పోర్టు చెడిపోయిన సిస్టమ్‌లో ఎస్‌ఎస్‌డీ వేసి, అదీ కనిపించక, దుకాణం వాళ్లతో గొడవపడిన మనిషిని చూశాను.

మూడోది వేరే సిస్టమ్. నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ ఉన్న సెకండ్‌హ్యాండ్ డబ్బాలు ఒంగోలులోనూ నెల్లూరులోనూ దొరుకుతాయి. మా చిన్నాన్న కొడుకు రామాయపట్నం దగ్గర రొయ్యల మేత దుకాణం నడుపుతాడు. అతని సిస్టమ్‌లోనూ డిస్కు కనిపించకుండా పోయింది. తెరిచి చూస్తే ఉప్పుగాలికి సాటా పోర్టుల పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ర్యామ్ స్లాట్లు కూడా అంతే. "దీన్ని తుడిచి నెట్టుకురావొచ్చా అన్నా?" అని అడిగాడు. వద్దన్నాను. అతనికి కావలసింది ట్యాలీ లెక్కలు ఒక్కటే. ఆ ఫోల్డర్ ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టింది. మధ్యాహ్నానికి కొత్త డబ్బాలో ట్యాలీ తెరుచుకుంది. అతనికి ఇదే మేలు, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

నాకు అలా కుదరదు. పాత డిస్కును తీసుకెళ్లి కొత్త డబ్బాలో తగిలిస్తే ఎక్స్‌పీ లేవదు, మళ్లీ అదే 7బీ నీలి తెర. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ సాఫ్ట్‌వేర్‌కు ఆఖరి వెర్షన్. విండోస్ 10 మీద నడిపించవచ్చు కానీ ప్రింటింగ్ దగ్గర నన్ను విసిగించింది. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ చదివే ఉమ్మడి అక్షర పద్ధతి) కావు, ఫాంట్ లేని చోట మేటరంతా పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి. పెళ్లికూతురి పేరులో ఒత్తు పోయిన కార్డు ఐదు వందలు ముద్రిస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారు? కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి అందులో ఎక్స్‌పీ నడపడం మధ్యే మార్గం. యూఎస్‌బీ డాంగిల్‌ను కూడా లోపలికి అందించవచ్చు. ఓపిక ఉన్నవాళ్లకు మంచిదే. ఇంకో విషయం, సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఏ తరమో అడగండి. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటర్నెట్‌లో లావాదేవీలు చేసే సిస్టమ్ అయితే నాలుగో తరం చవకగా వచ్చినా కొనొద్దు.

అయితే నేను ఏం చేశాను? మొదటి రెండు దారులూ కలిపాను. ఎస్‌ఎంపీఎస్ మార్చి, డిస్కులు కనిపించగానే కాపీ తీసి, 160 జీబీ డిస్కును ఎస్‌ఎస్‌డీ మీదికి క్లోన్ చేసి, 500 జీబీది అలాగే ఉంచాను. అన్నీ కలిపి మూడు వేల లోపు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8తోనే ముగిసింది కాబట్టి ఈ సిస్టమ్‌కు నెట్ కేబుల్ తీసేశాను. వాట్సాప్‌లో వచ్చే మేటరు, ఫోటోలు వేరే ల్యాప్‌టాప్‌లో దించి, స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తెస్తాను.

మీ సిస్టమ్‌లో ఉన్నది ఫైళ్లే అయితే, అవి ఎక్కడైనా తెరుచుకునేవైతే, పాతదాని మీద వెయ్యి రూపాయలు కూడా పెట్టకండి, వేరేది కొనండి. ఆ పాత సాఫ్ట్‌వేర్ మీదే మీ కూడు ఆధారపడి ఉంటే, బోర్డు బతికున్నంత కాలం బాగు చేసి ఎస్‌ఎస్‌డీ వేసుకోండి. బోర్డు పోయిందా, అప్పుడు వర్చువల్‌బాక్స్. కాపీ చేతిలో ఉంటే ఈ మూడూ తొందర లేకుండా ఆలోచించుకోవచ్చు. ఆ వారం నేను లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు తీసుకుంటుంటే, కార్డు కోసం వచ్చిన ఒక పెద్దాయన బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాడు. ఆయన పెద్ద కూతురి పెళ్లి కార్డు 2013 ఫోల్డర్‌లో ఉంది. అది కాపీ కాగానే ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించబోతే అన్నీ పిచ్చి గీతలే వచ్చాయి, ఫాంటు లేదు కదా. మర్నాడు క్లోన్ అయ్యాక మళ్లీ రమ్మన్నాను. వచ్చి, తెర మీద కూతురి పేరు చదువుకుని, చిన్న కూతురి పేరు రాసిన కాగితం నా చేతికి ఇచ్చాడు.